అక్షరం పడిందో లేదో వేలికి తెలియాలి

పోయిన వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం నుంచీ నా కీబోర్డులో డి కీ తేడాగా పనిచెయ్యడం మొదలెట్టింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది, ఒక్కోసారి అసలు పడదు. ఇంగ్లీషు కొట్టేవాళ్ళకైతే ఇది చిరాకే గానీ పెద్ద నష్టమేం లేదు. నా పని తెలుగు కంపోజింగ్, కొట్టేది ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే మన భాషలకి ప్రభుత్వం ప్రామాణికంగా పెట్టిన కీల అమరికలో. ఇన్‌స్క్రిప్ట్‌లో డి అంటే పొల్లు, ఒత్తు రావాలంటే ప్రతిసారీ దాన్నే నొక్కాలి. స్త్రీ అనే ఒక్క అక్షరం తీసుకోండి, స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘం, మొత్తం ఆరు నొక్కులు, వాటిలో రెండు డి మీదే. మొదటి పొల్లు పడకపోతే సత్రీ అవుతుంది, రెండోది పడకపోతే స్తరీ, రెండూ పడకపోతే సతరీ. రాష్ట్రం కాస్తా రాషటరం. అదే ఒకటికి రెండు పడితే అక్షరం విరిగిపోయి మధ్యలో చుక్కల సున్నా ఒకటి బయటికొస్తుంది.

అప్పుడు ఒక పెద్దాయన ఆత్మకథ పని మీదున్నా, ఆయన చేతిరాత ప్రతి పక్కన పెట్టుకుని దాని వైపే చూస్తూ కొట్టుకుంటూ పోయా, తెర వైపు చూసింది తక్కువ. టైపు పద్ధతిగా నేర్చుకున్న వాళ్ళెవరైనా అంతే, కళ్ళు కాయితం మీదుంటాయి, వేళ్ళ మీద నమ్మకం ఉంటుంది. సాయంత్రం తలెత్తి చూస్తే పదకొండు పేజీల నిండా సగం ఒత్తులు లేవు. ఆ రోజు నాకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువేసింది, ఎందుకంటే కొట్టినంతసేపూ వేలికి ఏ తేడా తెలియలేదు. కీ దిగుతుంటే మధ్యలో వచ్చే ఆ చిన్న మిట్ట ప్రతిసారీ తగిలింది, వేలు దాన్ని దాటింది, అక్షరం పడిందనే అనుకున్నా. వేలు చెప్పిందొకటి, కంప్యూటర్‌కి అందిందొకటి.

అది ఒక్కో కీ కింద ఒక్కో స్విచ్ విడిగా ఉండే మెకానికల్ కీబోర్డు, స్విచ్‌లు బ్రౌన్ రకం. స్విచ్‌లు బోర్డుకి సోల్డరింగ్ చేసి ఉన్నాయి, పైగా మెటల్ ప్లేటులో బిగించి ఉన్నాయి కాబట్టి ఊడదీయకుండా స్విచ్ మూత తెరవడం కుదరదు. మా సందు చివర సెల్‌ఫోన్ రిపేరు షాపుకి పట్టుకెళ్ళా. ఆ అబ్బాయి కీబోర్డు తిప్పి చూసి "అక్కా, దీనికి పెట్టే టైముకి కొత్తది కొనుక్కోవచ్చు కదా" అన్నాడు. "కాదు తమ్ముడూ, లోపల ఏమైందో నాకు చూడాలనుంది" అన్నా. పాపం ఓపిగ్గా డి కీ స్విచ్ రెండు పిన్నుల దగ్గరా సోల్డర్ కరిగించి, పంపుతో లాగేసి, స్విచ్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. మూతకి నాలుగు మూలలా నాలుగు కొక్కేలు, సన్నటి ట్వీజర్‌తో వాటిని ఎడం చేస్తే మూత లేచొస్తుంది. లోపల ఉన్నది ఒక స్ప్రింగు, కీక్యాప్ తగిలించుకునే ప్లస్ గుర్తు ఉన్న ప్లాస్టిక్ కాడ, కింద డబ్బాలో రెండు లోహపు రేకులు, అంతే.

ఆ షాపులో ఫోను బోర్డులు చూసే భూతద్దం కింద ఆ రేకుల్ని చాలాసేపు చూశా. ఒక రేకు కదలదు. రెండోది పల్చగా వంగే రకం, దాని కొసన బంగారు రంగు చిన్న అంచు ఉంది. ఆ అంచూ, ఎదుటి రేకు మీదున్న అంచూ ఒకదానికొకటి అడ్డంగా, ప్లస్ ఆకారంలో కలుస్తాయి. రెండు కత్తి అంచులు అడ్డంగా ఆనితే తగిలేది ఒక్క బిందువులోనే కాబట్టి ఒత్తిడంతా అక్కడే పడుతుంది, దుమ్ము కణం ఏదన్నా మధ్యలో ఉన్నా పక్కకి జారిపోతుంది, బంగారం తుప్పు పట్టదు. చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్‌లో పెట్టిన పద్ధతి ఇదే. నా చేతిలో ఉన్నది దాని నకలు. ఎంఎక్స్ వచ్చింది 1980ల మొదట్లో, పేటెంట్ గడువు తీరాక చైనాలో గేటరాన్, కైల్, అవుటెము లాంటి కంపెనీలు అదే కొలతల్లో చెయ్యడం మొదలెట్టాయి, మన దగ్గర ఆన్‌లైన్లో నాలుగు వేలకో ఐదు వేలకో దొరికే కీబోర్డుల్లో ఎక్కువ శాతం వాటి స్విచ్‌లే ఉంటాయి.

అప్పటిదాకా నేను అనుకున్నదేంటంటే మనం నొక్కితే కాడ వెళ్ళి రెండు రేకుల్నీ కలుపుతుందని. లోపల జరిగేది దానికి తిరగబడి ఉంది. కాడకి పక్కన రెండు బుల్లి కాళ్ళుంటాయి, కీ పైకి ఉన్నంతసేపూ ఆ కాళ్ళు వంగే రేకుని వెనక్కి నెట్టి పట్టుకుని ఉంటాయి. మనం నొక్కినప్పుడు కాళ్ళ వాలు కిందకి జారిపోయి రేకుని వదిలేస్తుంది, వదిలేసిన రేకు తన బిగువుతో తనే వెళ్ళి ఎదుటి దాన్ని తాకుతుంది. అంటే మన వేలి బలానికీ కాంటాక్ట్ బిగువుకీ సంబంధం లేదు. ఎంత గట్టిగా కొట్టినా, ఎంత మెల్లగా కొట్టినా రేకు ఒకే తీరుగా తాకుతుంది. ఇది ఎంత మంచి ఆలోచనో నాకు అక్కడ కూర్చున్నాకే అర్థమైంది. నా స్విచ్‌లో మాత్రం ఆ కాళ్ళకీ రేకుకీ మధ్య గోధుమరంగు జిగురు పొర ఒకటి మెరుస్తోంది. టీ. ఎప్పుడో ఒలికినప్పుడు తుడిచేశానని అనుకున్నా, పాలూ పంచదారా సందుల్లోంచి దిగి అక్కడ ఎండిపోయాయి. రేకు ఆ జిగురు నుంచి విడిపడటానికి ఆలస్యమవుతోంది, ఒక్కోసారి తాకి వణుకుతోంది.

వణకడం గురించి ఒక మాట. ఏ లోహపు కాంటాక్టైనా తాకగానే నిలబడదు, ఒకటి రెండు మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది, నేల మీద పడ్డ గోళీలాగా. అందుకే కీబోర్డు లోపలి చిప్‌లో ఉండే ప్రోగ్రాం మొదటి తాకుడు తర్వాత కాసేపు, మామూలుగా 5 మిల్లీసెకన్లు, వచ్చే సంకేతాల్ని పట్టించుకోదు. స్విచ్ ఆరోగ్యంగా ఉంటే ఆ గడువు చాలు. జిగురు పట్టిన స్విచ్ ఆ గడువు దాటాక కూడా వణుకుతుంటే ఒక్క నొక్కు రెండుగా కనిపిస్తుంది. నా చుక్కల సున్నాలన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే.

ఇదంతా చూశాక నాకు గట్టిగా అనిపించిన విషయం చెప్తా, ఈ వ్యాసం రాస్తున్నది దానికోసమే. టైపు చేసే మనిషికి స్విచ్‌లో అన్నిటికన్నా ముందు కావాల్సింది, విద్యుత్ కలిసిన క్షణమూ వేలికి తెలిసిన క్షణమూ ఒకటే కావడం. వేలికి తగిలే మిట్ట వేరే చోట, కరెంటు కలిసేది వేరే చోట అయితే ఆ మిట్ట ఎంత హాయిగా ఉన్నా అది వేలికి చెప్పే అబద్ధం. ఇవాళ మార్కెట్లో మనకి అమ్ముతున్న చాలా స్విచ్‌లు కొద్దిగానో ఎక్కువగానో ఆ అబద్ధం చెప్తున్నాయి.

నేను టైపు నేర్చుకున్నది ఇంటర్ సెలవుల్లో, గుంటూరులో, మేడ మీద ఇన్‌స్టిట్యూట్‌లో. వరసగా ఇనప మిషన్లు, గంటకో బ్యాచ్. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె, వారం రోజులు ఇవే. మా మాస్టారు మిషన్ వైపు చూసేవారు కాదు, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వినేవారు. "అమ్మాయ్, చిటికెన వేలు పడట్లేదు, ఎ పల్చగా పడుతోంది చూడు" అనేవారు అక్కణ్ణుంచే. కాయితం చూస్తే నిజంగానే ఎ మసగ్గా ఉండేది. ఆయన అలా వినగలిగారంటే దానికి కారణం ఆ యంత్రం నిర్మాణమే. వేలు మీటని నొక్కుతుంది, మీట చివరున్న అచ్చు లేచి రిబ్బను మీద కొడుతుంది, ఆ దెబ్బే శబ్దం, ఆ దెబ్బే అక్షరం, వేలికి తగిలే ఆనికా ఆ దెబ్బదే. మూడూ ఒకటే సంఘటన. గోద్రెజ్ వాళ్ళు 1955లో మన దేశంలో టైపు మిషన్ తయారీ మొదలెట్టిన దగ్గర్నుంచీ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసిన లక్షలమంది వేళ్ళు అలవాటు పడింది ఆ నిజాయితీకే.

కంప్యూటర్ కీబోర్డుల్లో ఆ గుణాన్ని పూర్తిగా నిలబెట్టుకున్నది నాకు తెలిసి ఒక్కటే, ఐబీఎం వాళ్ళ బక్లింగ్ స్ప్రింగ్. రిచర్డ్ హంటర్ హారిస్ అనే ఇంజినీరు చేశాడు, 1978లో పేటెంట్ వచ్చింది, 1981లో మొదటి ఐబీఎం పీసీతో వచ్చిన మోడల్ ఎఫ్ కీబోర్డులోనూ, 1985 నుంచి మోడల్ ఎంలోనూ అదే ఉంది. ఎంత సాదా ఆలోచనంటే, ఒక సన్నటి స్ప్రింగుని నిలువుగా నొక్కుతూ పోండి, కొంత దూరం బుద్ధిగా నొక్కుకుంటుంది, ఒక దశలో ఇక తట్టుకోలేక నడుం దగ్గర పక్కకి వంగిపోతుంది. బాల్‌పెన్ స్ప్రింగుని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూడండి, ఠక్కున పక్కకి తన్నుకుపోతుంది కదా, అదే. ఆ స్ప్రింగు అడుగున ఊగే చిన్న ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది, స్ప్రింగు వంగగానే సుత్తి ఒరిగి కింద కొడుతుంది. మోడల్ ఎఫ్‌లో ఆ సుత్తి కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఆవేశాన్ని పట్టి ఉంచే గుణం, మారడం ద్వారా సంకేతం ఇస్తుంది, మోడల్ ఎంలో కింద పొరల్ని నొక్కి కలుపుతుంది. స్ప్రింగు వంగినప్పుడే గొట్టం గోడకి కొట్టుకుని ఆ శబ్దం వస్తుంది, స్ప్రింగు వంగినప్పుడే వేలి కింద బరువు ఒక్కసారిగా పోతుంది, స్ప్రింగు వంగినప్పుడే అక్షరం పడుతుంది. శబ్దం కోసం వేరే ముక్క లేదు, స్పర్శ కోసం వేరే ముక్క లేదు. ఒక దాన్నుంచి ఇంకోదాన్ని విడదీయాలన్నా కుదరదు.

మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికా నుంచి వస్తూ నా పోరు పడలేక ఒకటి తెచ్చాడు. ఐబీఎం ఆ పని వదిలేశాక 1991లో లెక్స్‌మార్క్ చేతికీ, 1996లో యూనికాంప్ చేతికీ వెళ్ళింది, కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఇప్పటికీ చేస్తున్నారు. "ఏంటే ఇది, సూట్‌కేసులో సగం బరువు దీనిదే" అన్నాడు అన్నయ్య. దాని మీద మొదటి వారం కొట్టినప్పుడు నాకు ఇన్‌స్టిట్యూట్ రోజులు గుర్తొచ్చాయి, కాయితం వైపు చూస్తూ పేజీలకి పేజీలు కొట్టి తెర చూస్తే ఒత్తులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఎక్కడన్నా వేలు పూర్తిగా దిగకపోతే శబ్దం రాదు, ఆ లోటు చెవికి వెంటనే తగులుతుంది, చెయ్యి దానంతటదే వెనక్కెళ్ళి మళ్ళీ కొడుతుంది. రాత్రిళ్ళు మాత్రం వాడలేను, పక్క గదిలో పిల్ల లేచిపోతుంది. అందుకే ఆ బ్రౌన్ కీబోర్డు కొన్నాను.

బ్రౌన్‌లో ఏమవుతుందంటే, ఇందాక చెప్పిన బుల్లి కాళ్ళ మీదే చిన్న మిట్ట పోస్తారు. కాడ దిగేటప్పుడు వంగే రేకు ఆ మిట్టని ఎక్కి దిగుతుంది, మన వేలికి తగిలేది అదే. ఎంఎక్స్ బ్రౌన్‌లో మొత్తం కదలిక 4 మిల్లీమీటర్లు, కాంటాక్ట్ కలిసేది 2 దగ్గర. మిట్ట కొన అంతకన్నా ముందే వచ్చేస్తుంది, సుమారు 55 గ్రాముల బరువు దగ్గర దాన్ని దాటతాం, దాటాక ఇంకాస్త దిగితేగానీ అక్షరం పడదు. తేడా మిల్లీమీటరు కన్నా తక్కువే, రేకు కూడా అదే కాబట్టి అబద్ధం చిన్నదే. కానీ టీ పట్టిన నా డి కీలో జరిగింది సరిగ్గా ఆ సందులోనే, మిట్ట తగులుతూనే ఉంది, కాంటాక్ట్ మాత్రం రావట్లేదు.

క్లిక్ శబ్దం కోసం వేరే తీగ పెట్టే స్విచ్‌ల్లో ఈ విడాకులు ఇంకా పెద్దవి. కైల్ బాక్స్ వైట్ లాంటి వాటిలో ఒక మూల సన్నటి తీగ ఉంటుంది, కాడ దిగేటప్పుడు దాన్ని లాగి వదులుతుంది, టిక్ అంటుంది. కాంటాక్ట్ వేరే గదిలో, దుమ్ము పడకుండా పెట్టెలో ఉంటుంది, ఆ పెట్టె ఆలోచన నాకు నిజంగా నచ్చింది, నా టీ అందులోకి అంత తేలిగ్గా వెళ్ళేది కాదు. కానీ తీగకీ కాంటాక్ట్‌కీ మధ్య ఉన్న సంబంధమల్లా అచ్చు పోసినవాడు రెండూ దగ్గర దగ్గరగా వచ్చేలా కొలత పెట్టుకోవడమే. కాంటాక్ట్ చచ్చిపోయినా తీగ టిక్‌మంటూనే ఉంటుంది. ఎంఎక్స్ బ్లూలో దిగేటప్పుడు పరవాలేదు, కాడ మీద తొడుగులా ఉండే తెల్ల ముక్క ఠక్కున జారి శబ్దమూ కాంటాక్టూ ఇంచుమించు కలిసే వస్తాయి, చిక్కు పైకి వచ్చేటప్పుడు. ఆ తెల్ల ముక్క మళ్ళీ తన చోటికి రావాలంటే కీ అక్షరం పడ్డ చోటు కన్నా బాగా పైకి లేవాలి. ఒకే కీని గబగబా రెండుసార్లు కొట్టే చోట, అమ్మ అనో అక్క అనో కాదు, వాటిలో మధ్యలో పొల్లు కీ వస్తుంది, వెనక్కి చెరిపే బ్యాక్‌స్పేస్ లాంటి చోట, ఆ తేడా తెలుస్తుంది.

ఆఫీసుల్లో ఉండే మామూలు రబ్బరు కీబోర్డు సంగతి వేరు. మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు, పైదాని మీదా కిందదాని మీదా వెండి కలిపిన సిరాతో గీసిన గీతలు, మధ్య షీటుకి చిల్లులు. పైన రబ్బరు బుడిపె. వేలు నొక్కితే బుడిపె కూలిపోతుంది, మనకి తెలిసేది ఆ కూలడం, అక్షరం పడేది బుడిపె అడుగుకి చేరి షీటుని నొక్కినప్పుడు. అందుకే ఆ కీబోర్డుల మీద అందరూ అడుగుదాకా గుద్దుతారు, గుద్దడం వేళ్ళకి అలవాటైపోతుంది. దాన్ని వాడినవాళ్ళని నేను తక్కువ చెయ్యను, నా జీవితంలో సగం పుస్తకాలు దాని మీదే కొట్టా. చవగ్గా కోట్లమందికి కీబోర్డు అందించింది అదే.

నా వాదనకి ఎదురు వాదన ఒకటుంది, అది గట్టిదే. మనిషికి ఒక స్పర్శ తగిలి దానికి స్పందించడానికి 100 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. టైపు చేసేటప్పుడు ఒక నొక్కు మొత్తం ఇంచుమించు అంతలోనే అయిపోతుంది. అంటే మిట్ట తగిలిందని తెలిసి వేలు ఆగేలోపు కీ అడుగుకి చేరిపోతుంది, ఇక మిట్ట ఎక్కడుంటే ఏంటి అంటారు. ఆ నొక్కు వరకూ చూస్తే నిజమే. ఆ సమాచారం పనికొచ్చేది మాత్రం ఆ నొక్కుకి కాదు, తర్వాతి వెయ్యి నొక్కులకి. వేలు ఎంత దిగితే అక్షరం పడుతుందో నెలల తరబడి కొట్టగా కొట్టగా చేతికి పడుతుంది, వీణ నేర్చుకునేవాళ్ళకి మెట్ల మీద వేలు పడ్డట్టు. తప్పు సమాచారం మీద నేర్చుకున్న చెయ్యి తప్పుగానే నేర్చుకుంటుంది. ఇంకోటి, పడని అక్షరాన్ని పట్టుకోవడానికి 200 మిల్లీసెకన్లు ఆలస్యమైనా నాకు ఫర్వాలేదు, తర్వాతి అక్షరం దగ్గరైనా ఆగుతా. నా పదకొండు పేజీలకి అసలు ఏ సమాచారమూ రాలేదు కదా, బాధ అక్కడ.

లీనియర్ స్విచ్‌లు, అంటే మిట్ట లేకుండా నున్నగా దిగే రెడ్, బ్లాక్ రకాలు, కనీసం అబద్ధం చెప్పవు, అసలేం చెప్పవు. ఎంఎక్స్ రెడ్ 45 గ్రాముల దగ్గర, బ్లాక్ 60 దగ్గర 2 మిల్లీమీటర్లలో కలుస్తుంది, వేలికి తెలిసేది అడుగు తగిలాకే. ఆటలాడే పిల్లలకి అదే కావాలి, వాళ్ళ కళ్ళు తెర మీదే ఉంటాయి, కొట్టిన ఫలితం తెర మీదే కనిపిస్తుంది. వాళ్ళకోసమే ఇప్పుడు అయస్కాంతం స్విచ్‌ల మోజు. కాడలో అయస్కాంతం, కింద బోర్డు మీద అది ఎంత దగ్గరికొచ్చిందో పసిగట్టే హాల్ సెన్సర్, లోహం లోహాన్ని తాకదు, వణుకు లేదు, జిగురు పట్టినా కాంటాక్ట్ చెడేదేం లేదు. ఇది కొత్తదేం కాదు, హనీవెల్ వాళ్ళు 1960ల చివర్లోనే హాల్ ఎఫెక్ట్ కీబోర్డులు చేశారు. ఇప్పుడు కొత్తగా వచ్చిందేంటంటే ఎంత లోతులో అక్షరం పడాలో సాఫ్ట్‌వేర్‌లో మనమే పెట్టుకోవచ్చు, 0.1 మిల్లీమీటర్ దగ్గర కూడా. ఆ పెట్టుకునే వీలు చాలా గొప్పది. కానీ 0.1 దగ్గర పెడితే వేళ్ళు ఆనించినా అక్షరాలు పడతాయి, ఏ మిట్టా ఉండదు. ఇదే స్విచ్‌లో నిజమైన మిట్ట ఒకటి పెట్టి, సెన్సర్ లోతుని సరిగ్గా ఆ మిట్ట దాటే చోటుకి సరిచూసుకునేలా ఇస్తే నేను అప్పు చేసైనా కొంటా. టైపిస్టు కోసం ఆలోచించేవాడు ఆ గదిలో ఒకడుంటే చాలు, ఇది అసాధ్యమేం కాదు.

ఆన్‌లైన్లో కీబోర్డు కొనబోతే మనకేం చెప్తారో చూడండి. స్విచ్ రంగు, వెలిగే లైట్లు, 5 కోట్ల నొక్కులు. ఆ 5 కోట్లని నేను లెక్కేశా. నా పాత పేజీ ఒకటి తీసి పొల్లులు లెక్కపెడితే నూట యాభై దాకా వచ్చాయి, రోజుకి ఇరవై పేజీలు, ఏడాదికి మూడొందల రోజులు, అంటే 9 లక్షల నొక్కులు. 5 కోట్లు అవ్వాలంటే యాభై అయిదేళ్ళు పడుతుంది. నా స్విచ్ రెండేళ్ళకి అరకప్పు టీతో పోయింది. ఆ అంకె అరుగుదల గురించి చెప్తుంది, ఇంట్లో పడే దుమ్ము గురించీ టీ గురించీ చెప్పదు. ఒక్క గ్రాఫ్ పెడితే చాలు, అడ్డంగా ఎంత లోతు, నిలువుగా ఎంత బరువు, మిట్ట ఎక్కడ, కాంటాక్ట్ ఎక్కడ కలుస్తుంది, పైకి వచ్చేటప్పుడు ఎక్కడ విడిపోతుంది. చెర్రీ లాంటి కంపెనీలు స్విచ్‌ల కాయితాల్లో ఇది ఎప్పట్నుంచో వేస్తూనే ఉన్నాయి, అమ్మే పేజీలో మాత్రం కనపడదు. కొనేవాళ్ళం అడగాలి. బియ్యం కొనేటప్పుడు గింజ నలిపి చూస్తాం, చీర కొనేటప్పుడు పోగు పట్టుకుని చూస్తాం, రోజుకి ఎనిమిది గంటలు వేళ్ళు ఆనే వస్తువుని రంగు చూసి కొనమంటే ఎలా.

ఆ రోజు షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి బ్రష్షుతో కాళ్ళూ రేకూ తుడిచాం. పొర చాలావరకు పోయింది గానీ భూతద్దం కింద రేకు మొదట్లో ఇంకా కాస్త మచ్చ కనిపిస్తూనే ఉంది. "ఇదే పెట్టెయ్యనా అక్కా?" అన్నాడు ఆ అబ్బాయి. నేను కీబోర్డు చూశా. పై వరసలో స్క్రోల్ లాక్ ఉంది, కొన్నాక దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. "ఆ స్విచ్ తీసి డి కింద పెట్టు, ఇది అక్కడ పెట్టు" అన్నా. పది నిమిషాల్లో మార్చేశాడు. వాళ్ళ కంప్యూటర్‌కే తగిలించి ఇన్‌స్క్రిప్ట్ పెట్టించి, కళ్ళు మూసుకుని స్త్రీ అని ఇరవైసార్లు కొట్టి, అప్పుడు తెర చూశా. ఇరవై ఉన్నాయి.